పాత తెరచాప పడవ కొనేముందు డెక్కులో దాగిన తడిని పట్టుకోవడం ఎలా

విజయవాడలో తెరచాప పడవలకు సంత లేదు. ప్రకాశం బ్యారేజీ ఎగువన నిలిచే కృష్ణ నీటిలో తెరచాప విప్పాలని ముచ్చటపడేవారు పడవను హైదరాబాదు హుస్సేన్‌సాగర్ నుంచో, చెన్నై నుంచో, విశాఖపట్నం నుంచో, ఇంకా దూరమైనా ఫరవాలేదనుకుంటే ముంబయి నుంచో తెచ్చుకోవలసిందే. కొత్త పడవ ధర సామాన్యులకు అందేది కాదు కాబట్టి చూపు సహజంగానే పదిహేనేళ్ళో పాతికేళ్ళో వాడిన ఫైబర్ పడవల మీద పడుతుంది. అటువంటి పడవలో తెరచాప చిరిగితే కుట్టించుకోవచ్చు, తాళ్ళు మార్చుకోవచ్చు, ఇంజను ఉంటే విప్పించి బాగుచేయించుకోవచ్చు. డెక్కులోకి, అంటే మనం కాళ్ళు పెట్టి నడిచే పడవ పైకప్పులోకి, నీరు దిగి ఉంటే మాత్రం కొన్న ధర కంటె మరమ్మతు ఖర్చే మించిపోయే ప్రమాదం ఉంది. పైగా ఆ జబ్బు కొనే రోజున కంటికి కనబడదు. పైన పటారం లోన లొటారం అని మన పెద్దలు వేటిని చూసి అన్నారో కాని, పాత పడవ డెక్కుకు ఆ మాట అతికినట్లు సరిపోతుంది.

డెక్కు ఎలా కట్టారో తెలియకుండా అందులో తడిని వెతకడం కుదరదు. ఇరవై అడుగులు దాటిన ఫైబర్ పడవలలో చాలావాటికి డెక్కు మూడు పొరలుగా ఉంటుంది: పైన మూడు నుంచి ఐదు మిల్లీమీటర్ల ఫైబర్ పొర, కింద అంతకంటె పలుచనైన మరో ఫైబర్ పొర, ఆ రెంటికీ నడుమ ఇంచుమించు పది పన్నెండు మిల్లీమీటర్ల మందాన తేలికైన నడిమి పొర. బరువు పెరగకుండా బిగువు రావాలన్నదే ఈ ఏర్పాటు ఉద్దేశం. నడిమి పొరగా ఎక్కువగా వాడింది బాల్సా కొయ్య. ఈక్వడార్ వంటి దక్షిణ అమెరికా దేశాలలో పెరిగే ఆ చెట్టు కలపను అడ్డంగా కోసి, చిన్న బిళ్ళలుగా పేర్చి, నారలు నిలువుగా నిలిచేలా అతికిస్తారు. కొన్ని పడవలలో ప్లైవుడ్, కొన్నింటిలో పీవీసీ ఫోమ్ ఉంటాయి. ప్రపంచవ్యాప్తంగా ఐదు వేలకు పైగా తయారైన జే-24 పందెపు పడవలో డెక్కే కాక పడవ ఒళ్ళు కూడా బాల్సా నడిమి పొరతోనే కట్టారు.

ఈ మూడు రకాలూ నీటికి మూడు విధాలుగా లొంగుతాయి. బాల్సాలో నారలు నిలువుగా ఉండడం వల్ల నీరు పక్కలకు మెల్లగా పాకుతుంది. అయితే బిళ్ళల మధ్య సందులు రెసిన్‌తో, అంటే ఫైబరును అతికి గట్టిపడే జిగురుతో, నిండకపోతే ఆ సందులే పిల్లకాలువలై నీటిని దూరదూరాలకు చేరవేస్తాయి. ప్లైవుడ్‌లో నారలు అడ్డంగా పరుచుకొని ఉంటాయి కాబట్టి ఒక మూల చేరిన నీరు దీపపు వత్తిలో నూనెలా ఇంకో మూలకు ఎగబాకుతుంది. ఫోమ్ కుళ్ళదు, కాని దానిని ఫైబరుకు పట్టి ఉంచే అతుకు ఊడుతుంది. అందుచేత పడవను చూడబోయే ముందు అమ్మేవారిని అడగవలసిన తొలి ప్రశ్న నడిమి పొర దేనిదని. తెలియదంటే తయారీదారు పేరు, మోడల్, తయారైన సంవత్సరం రాసుకుంటే ఆ వివరం బయట దొరుకుతుంది.

ఒక మాట ఇక్కడే చెప్పాలి. "డెక్కులో తడి ఉందా?" అన్న ప్రశ్నతో వెళ్ళినవారు ఏ పాత పడవనూ కొనలేరు, ఎందుకంటే ఎక్కడో ఒక చోట తడి ఉండనే ఉంటుంది. తడి ఎక్కడ ఉంది, ఎంత మేర పాకింది, కొయ్య ఇంకా కొయ్యగానే ఉందా లేక పిప్పి అయిందా అన్న మూడు ప్రశ్నలతో వెళితే ధర కట్టడం సాధ్యమవుతుంది.

నీరు దిగే దారులు

ఫైబర్ పొరలోంచి నీరు నేరుగా దిగడం అరుదు. దిగేది మనిషి తొలిచిన రంధ్రాల గుండానే. తాళ్ళు కట్టే క్లీట్లు, రెయిలింగు కడ్డీలు నిలబెట్టే స్టాంచియన్ దిమ్మలు, తాళ్ళను చుట్టి లాగే విన్చ్‌లు, కిటికీలు, పైమూతలు, తెరచాప స్తంభాన్ని ఇరువైపులా లాగి పట్టే ఉక్కు తీగలను బిగించే చైన్‌ప్లేట్లు, వీటన్నిటికీ డెక్కును తొలిచే బోల్టులు వేస్తారు. బోల్టు చుట్టూ నీరు దిగకుండా పెట్టిన సీలెంటు పది పదిహేనేళ్ళలో గట్టిపడి పగులుతుంది. పడవను గట్టుకు లాగేవారు స్టాంచియన్‌నే పట్టుకొని లాగుతారు, ఆ కడ్డీ ఊగిన ప్రతిసారీ దిమ్మ కింద వెంట్రుకవాసి సందు తెరుచుకుంటుంది. వాన వచ్చినపుడు ఆ సందులోంచి దిగే నీరు చుక్కలలోనే ఉంటుంది, కాని దిగినది మళ్ళీ పైకి రాదు.

మన ప్రాంతపు వాతావరణం దీనికి తోడు. వేసవిలో విజయవాడ ఎండ 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి. అల్యూమినియం దిమ్మ ఒక విధంగా, ఫైబర్ మరొక విధంగా వ్యాకోచించి సీలెంటును అటూ ఇటూ లాగుతాయి. ఆ వెంటనే జూన్ నుంచి నవంబరు దాకా రెండు రుతుపవనాల వానలు పడతాయి. కొయ్యను తినే బూజుకు కావలసినవి తేమ, గాలి, వెచ్చదనం. కొయ్యలో తేమ 20 శాతం లోపున ఉంటే బూజు పెరగజాలదు. 25 శాతం దాటి, ముప్పై డిగ్రీల వెచ్చదనం తోడైతే దానికి పండుగే. మరొక సంగతి చాలామందికి విడ్డూరంగా తోస్తుంది: కొయ్యకు సముద్రపు నీటి కంటె వాన నీరే ఎక్కువ చేటు. ఉప్పు బూజును కొంత అణచి ఉంచుతుంది, మంచినీరు దానిని పెంచి పోషిస్తుంది. కాబట్టి సముద్రంలో తిరిగిన పడవ కంటె గట్టు మీద కప్పు లేకుండా నాలుగేళ్ళు వానకు తడిసిన పడవను ఎక్కువ అనుమానించాలి.

నా తొలి పడవ

నేను మొదటి పడవను మే నెలలో, మిట్టమధ్యాహ్నం, చెన్నైలో చూశాను. ఇరవై రెండు అడుగుల పడవ. డెక్కుకు కొత్తగా బూడిద రంగు వేసి ఉంది. ఎండకు కాలు పెట్టలేక చెప్పులతోనే పైకెక్కాను, రెండు నిమిషాలలో దిగి నీడకు వచ్చాను, అమ్మే ఆయన ఇచ్చిన చల్లటి మజ్జిగ తాగి బయానా ఇచ్చేశాను. ఆగస్టులో విజయవాడలో ముసురు పట్టిన మూడో రోజున లోపలి బల్ల మీద పరిచిన దుప్పటిపై చిక్కటి టీ డికాషను రంగులో ఐదారు మరకలు కనబడ్డాయి. పైనున్న స్టాంచియన్ దిమ్మ బోల్టులు విప్పి, రంధ్రంలో వంచిన మేకు పెట్టి తిప్పితే నానబెట్టి పిసికిన చింతపండు పిప్పిలాంటిది, తడిసిన గోనెసంచి వాసనతో, మేకు చుట్టుకొని వచ్చింది. బందరు దగ్గర గిలకలదిండి నుంచి రప్పించిన ఫైబర్ మేస్త్రి దానిని వేళ్ళ మధ్య నలిపి చూసి, "పైన గాజులా ఉందండీ బాబుగారూ, లోపలంతా పిండైపోయింది" అన్నాడు. ఆయనకు నేను చెప్పగలిగిన జవాబు ఏమీ లేకపోయింది.

ఆ రోజు నేను చేసిన తప్పులు నాలుగు. ఎండవేళ వెళ్ళడం ఒకటి, చెప్పులు విప్పకపోవడం రెండు, కొత్త రంగును చూసి సంతోషించడం మూడు, పడవ లోపలికి దిగి పైకప్పును అడుగు నుంచి చూడకపోవడం నాలుగు. కింద రాసినదంతా ఆ నాలుగింటికి పరిహారమే.

బయలుదేరేముందు

ఫోనులోనే కొన్ని ప్రశ్నలు తేల్చుకుంటే మూడు వందల కిలోమీటర్ల ప్రయాణం మిగలవచ్చు. పడవ ఎంతకాలంగా నీటి బయట ఉంది, కప్పు వేశారా, డెక్కుకు రంగు ఎప్పుడు వేశారు, ఎందుకు వేశారు, ఫిట్టింగులు ఎప్పుడైనా విప్పి సీలెంటు మార్చారా, ముఖ్యంగా లోపలి వైపు నుంచి చిన్న రంధ్రం వేసి చూడడానికి ఒప్పుకుంటారా అని అడగాలి. ఈ చివరి ప్రశ్నకు వచ్చే జవాబు కంటె జవాబు చెప్పడానికి తీసుకునే సమయం ఎక్కువ తెలియజేస్తుంది.

పొద్దున్నే చూస్తానని చెప్పి వెళ్ళండి, కాని మంచు తడి ఆరేదాకా ఆగండి. ఉదయం ఎనిమిది నుంచి పది మధ్య అనువైన వేళ. వీలైతే ఒకటి రెండు రోజుల ముందు వాన కురిసి ఉండడం మంచిది. వానాకాలం వెలిసిన వెంటనే చూడడం ఇంకా మంచిది, అప్పుడు కారేవన్నీ కారుతూ దొరుకుతాయి. అమ్మేవారు మీరు వచ్చేముందు డెక్కు కడిగి ఉంచితే దానిని తప్పుపట్టనక్కరలేదు కాని, ఆ తడి ఆరకుండా తేమ మీటరు పెడితే వచ్చే అంకెలకు అర్థం ఉండదు.

సంచిలో పెట్టుకోవలసినవి పెద్దగా లేవు: ప్లాస్టిక్ పిడి ఉన్న స్క్రూడ్రైవరు, సుద్దముక్క, కాగితపు టేపు, టార్చి, చిన్న అద్దం, తేమ మీటరు అద్దెకు దొరికితే అది, చేతితో తిప్పే డ్రిల్లు, ఆరు మిల్లీమీటర్ల బిట్టు, మూతి బిగిసే చిన్న ప్లాస్టిక్ కవర్లు, రంధ్రాలు పూడ్చడానికి కొద్దిగా ఎపాక్సీ పుట్టీ.

కళ్ళు, కాళ్ళు

ముందు లోపలికి దిగండి, పైకి తరువాత ఎక్కవచ్చు. జబ్బు పైన రంగు కింద దాగుతుంది, లోపలి వైపున దాగడానికి చోటు తక్కువ. పైకప్పు పలకలు విప్పగలిగినవైతే విప్పించి, ప్రతి బోల్టు చివరనూ టార్చితో చూడాలి. గోధుమ రంగు చారలు, తుప్పు కారిన గీతలు, నట్టు చుట్టూ తెల్లని ఉప్పు పొర, ఉబ్బిన ప్లైవుడ్, వీటిలో ఏది కనబడినా దాని పైన డెక్కు మీద ఆ చోటును గుర్తు పెట్టుకోవాలి. నీరు దిగిన చోటే కారాలన్న నియమం లేదు. రెండడుగుల అవతల దిగి, పడవ ఏటవాలును బట్టి పాకి, దొరికిన రంధ్రంలోంచి కారుతుంది. గది తలుపు పైభాగం పట్టేసి తెరుచుకోకపోతే వడ్రంగి పని సరిగా లేదని అనుకోకండి. తెరచాప స్తంభం డెక్కు మీద నిలిచే పడవలలో స్తంభం కింద నడిమి పొర కుళ్ళితే డెక్కు కుంగుతుంది, కుంగిన డెక్కు కింది తలుపు చట్రాన్ని నొక్కుతుంది, పైన ఉక్కు తీగలు వదులవుతాయి. ఈ మూడూ కలిసి కనబడితే ఇక తక్కిన పరీక్షలు అక్కరలేదు.

పైకెక్కాక చెప్పులు విప్పండి. మడమ మీద బరువు వేసి జానెడు జానెడు నడవండి. గట్టి డెక్కు నేలలా ఉంటుంది. దెబ్బతిన్నది పాత చెక్క మంచంలా లోపలికి ఒక నూలు దిగి మళ్ళీ లేస్తుంది. ఇద్దరుంటే ఒకరు నడుస్తుండగా రెండోవారు పక్కనుంచి నేలకు కళ్ళు పెట్టి చూడాలి, కాలికి తెలియని కదలిక కంటికి తెలుస్తుంది. స్టాంచియన్‌ను పట్టుకొని అటూ ఇటూ ఊపి, దిమ్మ చుట్టూ డెక్కు కదులుతున్నదేమో గమనించాలి. దిమ్మ చుట్టూ సాలెగూడులా విరిసిన సన్నని పగుళ్ళు జెల్‌కోట్ అనే పైపూతవి మాత్రమే కావచ్చు, లోపలి మెత్తదనానికి గుర్తు కూడా కావచ్చు. పగుళ్ళు చూసి తీర్పు చెప్పక, అక్కడ చప్పుడు పరీక్ష చేయాలి.

కొత్త రంగు, ఫిట్టింగు అంచు చుట్టూ బయటినుంచి పూసిన కొత్త సీలెంటు, ఈ రెండూ శుభ్రతకు గుర్తులుగా కనబడతాయి. సీలెంటు పెట్టవలసింది ఫిట్టింగు కింద. చుట్టూ పూశారంటే కారుతున్నదని వారికి ముందే తెలుసునన్నమాట.

కొట్టి వినడం

కుండలు కొనేటపుడు మన ఇళ్ళలో వేలితో కొట్టి చూస్తారు. ఖంగుమంటే మంచిది, బొదబొదమంటే పగిలింది. డెక్కుకు కూడా అంతకు మించిన పరీక్ష, ఖరీదైన మీటర్లతో సహా, లేదని నా అభిప్రాయం.

స్క్రూడ్రైవరును తిరగేసి పట్టుకొని ప్లాస్టిక్ పిడితో డెక్కును తేలికగా, ఒకే బలంతో కొట్టాలి. ముందుగా ఏ ఫిట్టింగుకూ దగ్గర కాని, నడకలో లేని, మంచిదని నమ్మదగిన చోట పదిసార్లు కొట్టి ఆ చప్పుడును చెవికి పట్టించుకోవాలి. పొడిగా, కోసుకుపోయినట్లు "టక్" మంటుంది. అక్కడినుంచి ఒక ఫిట్టింగు వైపు రెండేసి అంగుళాలు జరుగుతూ రావాలి. నడిమి పొర తడిసిన చోట చప్పుడు మందగించి "దబ్" మంటుంది, పిడి కూడా తిరిగి ఎగరదు. పొరలు విడిపోయి మధ్యలో గాలి ఉన్నచోట డొల్ల మోత వస్తుంది. చప్పుడు మారిన ప్రతి చోటా సుద్దతో చుక్క పెడుతూ పోతే, ఒక గంటకు డెక్కు మీద చుక్కలు కలిసి పటాలుగా ఏర్పడతాయి. ఒక క్లీట్ చుట్టూ అరచేయంత పటం వస్తే అది చిన్న పని. నాలుగు స్టాంచియన్ల చుక్కలు ఒకదానితో ఒకటి కలిసిపోయి పక్కదారి పొడవునా సాగితే అది వేరే కథ.

ఇందులో చెవిని మోసగించేవి కొన్ని ఉన్నాయి. లోపల అడ్డుగోడ ఉన్నచోట, అలమర అతికించిన చోట, తయారీలోనే నడిమి పొర లేకుండా ఒకే ముద్దగా ఫైబర్ పోసిన అంచులలో చప్పుడు మారుతుంది. అనుమానం వచ్చినపుడు ఎడమవైపు విన్నదాన్ని కుడివైపు అదే చోట విని పోల్చాలి. పడవ రెండు పక్కలా ఒకేలా కట్టి ఉంటుంది కాబట్టి, రెండువైపులా ఒకే చప్పుడు వస్తే అది కట్టుబడి లక్షణం, ఒకవైపే వస్తే జబ్బు. పక్కన జనరేటరు మోగుతుంటే ఈ పరీక్ష దండగ, ఆపించి మొదలుపెట్టండి.

మీటరు, కాటా, కంసాలి త్రాసు

తేమ మీటరును తీసిపారేయనక్కరలేదు కాని, దాని అంకెను శాతంగా చదవకూడదు. కొయ్య కోసం చేసిన మీటరు ఫైబర్ మీద పెడితే చూపేది కేవలం హెచ్చుతగ్గులనే. కింద లోహపు పలక ఉన్నా, నీళ్ళ ట్యాంకు ఆనుకొని ఉన్నా, పైన ఉప్పు పేరుకొన్నా ముల్లు పైకి లేస్తుంది. మంచిచోటికీ అనుమానపు చోటికీ తేడా ఎంత అన్నదే చూడాలి. మీటరు ఎక్కువ చూపి, చప్పుడు గట్టిగా ఉంటే అక్కడ తడి చేరినా కొయ్య ఇంకా చెడలేదని ఊహించవచ్చు. మీటరు తక్కువ చూపి, చప్పుడు డొల్లగా ఉంటే నీరు ఎప్పుడో ఆరిపోయి పిప్పి మిగిలిందన్నమాట. మా ఎండలలో ఈ రెండో రకం ఎక్కువ, మీటరును మాత్రమే నమ్మినవారు అక్కడే దెబ్బతింటారు.

బరువు తూయడం అందరూ మరచిపోయే పరీక్ష. ఒక చదరపు మీటరు మేర, పన్నెండు మిల్లీమీటర్ల మందాన బాల్సా అంటే పన్నెండు లీటర్ల ఘనపరిమాణం. పొడిగా ఉంటే దాని బరువు రెండు కిలోలకు లోపు, పూర్తిగా నీరు పట్టితే పది లీటర్ల దాకా తాగగలదు. ఐదు చదరపు మీటర్లు నానితే యాభై కిలోలు, అదీ పడవలో పైన చేరుతుంది, అంటే పడవ ఒరిగే గుణం పెరుగుతుంది. ట్రెయిలరు మీద ఉన్న పడవను లారీల కాటా మీదికి తీసుకువెళ్ళి తూచి, ట్రెయిలరు బరువు తీసివేసి, తయారీదారు చెప్పిన బరువుతో పోల్చండి. జే-24 అయితే దాదాపు 1,400 కిలోలు ఉండాలి. సామాను, ఇంజను, ఇంధనం లెక్కలోంచి తీసేయడం మరువవద్దు. చిన్న డింగీలకు ఈ పరీక్ష ఇంకా బాగా పనిచేస్తుంది: లేజర్ రకం డింగీ ఒళ్ళు 59 కిలోలు, పిల్లలు నడిపే ఆప్టిమిస్ట్ రకానిది 35 కిలోలు, ఆ పైన పది కిలోలు తూగితే ఎక్కడో నీరు దాగి ఉంది.

సుద్ద పటాలు పెద్దవిగా వచ్చి, అయినా పడవ మీద మనసు చావకపోతే, రంధ్రం వేసి చూడక తప్పదు. యజమాని రాతపూర్వకంగా ఒప్పుకున్నాకే, లోపలి వైపు నుంచి, కింది ఫైబర్ పొరనూ నడిమి పొరనూ దాటి పై పొరకు తగలకుండా వేయాలి. బిట్టు మీద ఎంత లోతు దాకా పోవాలో అక్కడ కాగితపు టేపు చుట్టుకుంటే చాలు. మొదట వచ్చే ఫైబర్ పొడిని తుడిచేసి, ఆ తరువాత వచ్చే కొయ్య పొట్టును చూడాలి. మీగడ రంగులో, పొడిపొడిగా ఉంటే మంచి కొయ్య. లేత గోధుమ రంగులో, తడిగా ఉండి, నారలు ఇంకా తెలుస్తుంటే తడిసింది కాని చెడలేదు. నల్లగా ముద్దకట్టి, వేళ్ళ మధ్య నలిగిపోతే నడిమి పొర అక్కడ లేదనే లెక్క. గుంటూరు మిర్చి యార్డులో వ్యాపారి టిక్కీలో చేయిపెట్టి, కాయను నలిపి, తేమను మాటలో చెప్పేస్తాడు. నాలుగు పడవలు చూశాక మీ వేళ్ళకూ ఆ విద్య కొంత పట్టుబడుతుంది.

అంకె కావాలనుకునేవారికి ఒక మార్గం ఉంది. ఒకేచోట దగ్గర దగ్గరగా వేసిన నాలుగు రంధ్రాల పొట్టును వెంటనే కవరులో మూసి, తెలిసిన కంసాలి దగ్గర మిల్లీగ్రాములు చూపే త్రాసు మీద తూయించి, తరువాత ఓవెన్‌లో వంద డిగ్రీలకు కాస్త పైన నాలుగైదు గంటలు ఆరబెట్టి మళ్ళీ తూయించాలి. ముందు 0.50 గ్రాములు, ఆరాక 0.20 గ్రాములు తూగితే పోయిన నీరు 0.30, దానిని ఎండు బరువుతో భాగిస్తే తేమ 150 శాతం. కరెంటు డ్రిల్లు వేడికి నీరు ఆవిరైపోతుంది కాబట్టే చేతి డ్రిల్లు తీసుకువెళ్ళమన్నాను. మొదటిసారి నేను పొట్లం విప్పినపుడు వన్‌టౌన్‌లో కంసాలి నన్ను ఎగాదిగా చూశాడు, కాని తూచి పెట్టాడు. రంధ్రాలను అదే రోజు ఎపాక్సీ పుట్టీతో పూడ్చి రావడం మర్యాద.

ఎక్కడున్న తడికి ఎంత విలువ

పై మూత అంచున, కాలు పడని చోట చేటంత మేర మెత్తబడితే దానితో పదేళ్ళు తిరగవచ్చు. అదే మెత్తదనం తెరచాప స్తంభం కింద, చైన్‌ప్లేట్ల దగ్గర, లంగరు తాడు కట్టే ముందు క్లీట్ కింద ఉంటే పడవను నీటిలోకి దింపనే కూడదు. చైన్‌ప్లేట్ సంగతి మరీ ప్రమాదం. స్టెయిన్‌లెస్ స్టీలు మెరుపు నిలిచేది గాలిలోని ఆక్సిజన్ వల్ల. తడి కొయ్య మధ్య గాలాడక ఇరుక్కున్న భాగంలో ఆ రక్షణ పొర నిలవదు, లోహం గుంటలుపడి లోలోపల సన్నబడుతుంది. బయటికి మెరుస్తూనే ఉండి, ఒక రోజు గట్టిగాలిలో తెగుతుంది, స్తంభం కూలుతుంది. చైన్‌ప్లేట్ చుట్టూ తడి కనబడితే ఆ పలకలను బయటికి లాగించి చూడకుండా బేరం మొదలుపెట్టకండి.

బేరంలో "కొంచెం తడి ఉందండీ, తగ్గించండి" అంటే తగ్గేది కొంచెమే. సుద్ద పటాల ఫొటోలు, ఒక్కొక్క దాని పొడవు వెడల్పులు, మొత్తం ఎన్ని చదరపు అడుగులు, ఎన్ని ఫిట్టింగులు విప్పాలి అన్నది ఒక కాగితం మీద రాసి ముందు పెట్టండి. మేస్త్రి కూలి, రెసిన్, మ్యాట్, రంగు విడివిడిగా లెక్కకట్టి, వచ్చిన మొత్తానికి సగం కలపండి, ఎందుకంటే పై పొర ఎత్తాక పటం ఎప్పుడూ పెరుగుతుందే కాని తగ్గదు. నేను రెండో పడవకు ఈ కాగితం చూపినపుడు అమ్మే పెద్దాయన ముందు నొచ్చుకున్నా, తరువాత తానే స్క్రూడ్రైవరు తీసుకొని కొట్టి విన్నాడు. ధర నేను అడిగిన దానికి కొద్దిగా పైన కుదిరింది. డెక్కులో మూడోవంతు మించి "దబ్" మంటే మాత్రం, ధర సున్నా అయినా, సొంతంగా రెండేళ్ళ తీరిక ఉన్నవారే తీసుకోవాలి.

మరమ్మతు ఇక్కడ చేయిస్తే

ఆటోనగర్‌లో ఫైబర్ పనివారు దొరుకుతారు, తీరంలో చేపల పడవల ఫైబర్ మేస్త్రులు దొరుకుతారు. వారి చేతిపని గొప్పది. అయితే వారికి అలవాటైనది ముద్ద ఫైబర్, మూడు పొరల డెక్కు కాదు. పై నుంచి నాలుగు రంధ్రాలు వేసి రెసిన్ ఎక్కిస్తే సరిపోతుందని ఎవరైనా చెబితే ఒప్పుకోవద్దు. తడి కొయ్యకు రెసిన్ సరిగా అంటదు, నీరు లోపలే బందీ అవుతుంది. పై పొరను కోసి పలకగా ఎత్తి, కుళ్ళినదంతా గోకి, నాలుగు వైపులా మంచి కొయ్య కనబడేదాకా తీసి, బాగా ఆరనిచ్చి, కొత్త బాల్సానో ఫోమునో చిక్కటి ఎపాక్సీలో కూర్చోబెట్టి, అతుకు అంచులను మందానికి పన్నెండు రెట్ల వెడల్పున ఏటవాలుగా అరగదీసి, మళ్ళీ ఫైబర్ పొరలు వేయాలి. ఎపాక్సీ ఎండకు ఆగదు కాబట్టి పైన రంగు తప్పనిసరి.

పాలియెస్టర్ రెసిన్ చవక, మేస్త్రుల చేతిలో ఎప్పుడూ ఉండేది అదే. పాత పాలియెస్టర్ మీద ఎపాక్సీ బాగా అంటుతుంది, గట్టిపడిన ఎపాక్సీ మీద పాలియెస్టర్ సరిగా అంటదు. ఒకసారి ఎపాక్సీతో మొదలుపెడితే చివరిదాకా దానితోనే పోవాలి. పాలియెస్టర్ వాడేచోట దానిని గట్టిపరచడానికి కలిపే కోబాల్టునూ కేటలిస్టునూ నేరుగా ఒకదానిలో ఒకటి పోస్తే పేలుతుంది, మీరే కలపాలనుకుంటే ఇది గుర్తుంచుకోండి. ఎపాక్సీతో మా ఊరి చిక్కు వేరు. వేడి పది డిగ్రీలు పెరిగితే అది గట్టిపడే వేళ సగానికి తగ్గుతుంది. మే నెలలో ఒకసారి పావుకిలోకు పైగా ఒకే మగ్గులో కలిపి, బ్రష్షు వెతుక్కొని వచ్చేలోపు మగ్గు పొగలు కక్కి, వంకరపోయి, నేలకు అంటుకుపోయింది. నిదానంగా గట్టిపడే హార్డ్‌నర్ తెప్పించుకొని, టీ గ్లాసు కొలతతో కొద్దికొద్దిగా, తెల్లవారుజామున కలపాలి. ముసురు రోజుల్లో పని ఆపాలి. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఈ పనికి మంచి కాలం.

డెక్కు బాగున్న పడవ దొరికి, కొని తెచ్చుకున్నా, తొలి వానలోపు ప్రతి ఫిట్టింగునూ ఒకసారి విప్పక తప్పదు. రంధ్రాన్ని పెద్దది చేసి, చుట్టూ వేలెడు మేర కొయ్యను తొలిచి, ఆ గుంటను చిక్కటి ఎపాక్సీతో నింపి, గట్టిపడ్డాక దాని మధ్యలో బోల్టు రంధ్రం మళ్ళీ వేస్తే, రేపు సీలెంటు పగిలినా నీరు కొయ్యను ముట్టదు. కింద వాషరుకు బదులు ఆటోనగర్‌లో కోయించిన స్టెయిన్‌లెస్ పలక వేయండి. సీలెంటుగా సిలికాన్ కాకుండా బ్యుటైల్ టేపు అనే మెత్తటి జిగురు పట్టీ వాడండి. బిగించాక ఫిట్టింగు చుట్టూ మైనంతో చిన్న గట్టు కట్టి, అందులో నీళ్ళు పోసి, లోపల బోల్టు చివరల కింద పాత దినపత్రిక పరిచి రాత్రంతా వదిలేయండి. పొద్దున్న కాగితం పొడిగా ఉంటే గట్టు తీసి తరువాతి ఫిట్టింగుకు జరగవచ్చు.